ఎండ లెక్క: శ్మశానం చిట్టా నుంచి క్యాజువాలిటీ రిజిస్టరు దాకా

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఏనాడో చెప్పుకున్నారు. ఆ ఎండకు ఏ ఊళ్లో ఎందరు పడిపోయారో, అందులో ఎందరు లేచారో రాసిపెట్టుకునే అలవాటు మాత్రం మనకే కాదు, ప్రపంచంలో ఏ జాతికీ చాలాకాలం లేదు. వరదకూ తుపానుకూ చరిత్రలో చోటుంది, కరువుకు శాసనాలున్నాయి. ఎండ వచ్చి, తీసుకుపోవలసినవాళ్లను తీసుకుపోయి, గుర్తు మిగల్చకుండా వెళ్లిపోయేది. అందుకే 1743 నాటి ఒక రాత అపురూపంగా కనిపిస్తుంది. ఆ ఏడాది జులైలో పెకింగ్ నగరం ఉడికిపోయింది. అక్కడుంటున్న ఫ్రెంచి జెసూట్ మతగురువు ఆంట్వాన్ గోబిల్ ఖగోళం, వాతావరణం ఆసక్తిగా గమనించేవాడు. జులై 14 నుంచి 25 లోపల నగరంలోనూ పొలిమేరల్లోనూ 11,400 మంది చనిపోయారని అధికారులు వేసిన లెక్కను ఆయన ఉత్తరంలో రాసి పంపాడు. పోయినవాళ్లలో ఎక్కువమంది చేతిపనులవాళ్లు, కూలీలు. ఈ మాట చాలాకాలం తర్వాత ఇంకో లెక్కలో మళ్లీ కనిపిస్తుంది.

చావుల లెక్కను శాస్త్రంగా మలచినది లండన్. 1662లో జాన్ గ్రాంట్ అనే బట్టల వర్తకుడు చర్చిలు వారం వారం అచ్చువేసే మరణాల జాబితాలను ముందేసుకుని, వాటిలో ఒక క్రమం ఉందని చూపించాడు. సుమారు రెండు శతాబ్దాల తర్వాత విలియం ఫార్ ఆ దారినే వెళ్లి, 1847 ఇన్‌ఫ్లుయెంజా సమయంలో మామూలుగా జరిగే చావులెన్ని, ఇప్పుడు జరిగినవెన్ని అని తీసివేసి చూశాడు. ఆ తీసివేత నేటికీ ఎండ చావులను పట్టే ప్రధాన సాధనం. వైద్యుడు వడదెబ్బ అని రాసినా రాయకపోయినా ఈ లెక్కకు అడ్డు లేదు. దీనిలోని లోపం ఒక్కటే, అది చిన్నది కాదు. మనిషి పోయాక గానీ ఈ లెక్క మొదలవదు. 1896 ఆగస్టులో న్యూయార్క్ ఇరుకు వాటాల్లో పది రోజుల ఎండకు పదమూడు నుంచి పదిహేను వందల మంది పోయారని చరిత్రకారులు చెప్పేది ఇలా వెనక్కి తిరిగి లెక్కగట్టే. వీధుల్లో బండ్లు లాగే గుర్రాలు కూలిపోతున్న ఆ రోజుల్లో, నగర పోలీసు కమిషనరుగా ఉన్న థియోడర్ రూజ్‌వెల్ట్ పేదలకు మంచుగడ్డలు ఉచితంగా పంచే పనిని పోలీసు ఠాణాల ద్వారా నడిపించాడు. నగరం మొత్తానికి ఏ రోజు ఎందరు జబ్బుపడ్డారో ఒకచోట చూసుకునే ఏర్పాటు ఆయన ముందు లేదు.

బతికున్న రోగిని లెక్కించే అలవాటు మొదట సైన్యంలోనూ గనుల్లోనూ పట్టుబడింది. దాని వెనక ఉన్నది దయ కాదనే నా అనుకోలు. పడిపోయిన సిపాయి యుద్ధానికి పనికిరాడు, పడిపోయిన కార్మికుడు తవ్వకానికి పనికిరాడు. పైగా బారక్‌కూ గనికీ హాజరు పట్టీ ఉంటుంది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది సాయంత్రానికి తేలిపోతుంది. 1905లో జె.ఎస్. హాల్డేన్ కార్న్‌వాల్ తగరపు గనుల్లో, తన ఒంటి మీదా ప్రయోగాలు చేసి, మామూలు థర్మామీటరు కంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చెప్పేదే మనిషికి ముఖ్యమని తేల్చాడు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, గాలిలో తేమ నిండితే చెమట ఆరదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియా ఎండలు బ్రిటిషు సేనలకు, వాళ్లతో నడిచిన భారతీయ సిపాయిలకు తూటాలంత ప్రమాదమయ్యాయి. మంచు, నీళ్లు, పంకాలతో వడదెబ్బకు ప్రత్యేక శిబిరాలు వెలిశాయి. 1950ల్లో అమెరికా మెరైన్ దళం పారిస్ ఐలండ్ శిక్షణ శిబిరంలో యాగ్లూ, మినార్డ్ అనే ఇద్దరు తేమ, ఎండ, గాలి కలిపిన ఒక సూచికను వాడుకలోకి తెచ్చారు. సూచిక ఎక్కినకొద్దీ జెండా రంగు మారుతుంది, నల్లజెండా ఎగిరితే కవాతు ఆగిపోతుంది. శిబిరం ఆసుపత్రి రిజిస్టరులో వడదెబ్బ కేసులు తగ్గడమే ఆ జెండాకు దొరికిన యోగ్యతాపత్రం. పొద్దున వాతావరణం, సాయంత్రం ఆసుపత్రి రిజిస్టరు పక్కపక్కన పెట్టి చూడడం అక్కడ నేర్చారు. ఊళ్లకూ నగరాలకూ ఆ చదువు రావడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది.

1980 జులైలో అమెరికా మధ్య రాష్ట్రాలు మాడిపోయినప్పుడు, అంతకుముందు ఏడాది జులైతో పోలిస్తే మరణాలు సెయింట్ లూయిస్‌లో 57 శాతం, కాన్సస్ సిటీలో 64 శాతం పెరిగాయి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం వైద్యులు ఆసుపత్రులకు వెళ్లి కేస్ షీట్లు తిరగేసి, వడదెబ్బ తగిలినవాళ్లు ఎవరు, ఏ పేటవాళ్లు, ఇంట్లో ఏసీ ఉందా అని వివరంగా తీశారు. అది గొప్ప పని. అచ్చయి బయటికి వచ్చేసరికి 1982. ఫిలడెల్ఫియాలో 1993 వేసవిలో నగర వైద్య పరీక్షాధికారి హరేష్ మీర్‌చందానీ, మూసిన కిటికీల వెనక ఉడికిపోయిన గదిలో దొరికిన వృద్ధుడి మరణానికి ఎండను కారణంగా రాయడానికి ఒంటి వేడి కొలత తప్పనిసరి కాదని తీర్మానించి 118 మరణాలను ఎండ ఖాతాలో వేశారు. ఇరుగుపొరుగు నగరాలు అంత ఎండలోనూ తమ దగ్గర ఏమీ లేదన్నాయి. ఫిలడెల్ఫియా మాత్రం రెండేళ్లలో లారెన్స్ కాల్‌స్టైన్ పరిశోధన ఆధారంగా హెచ్చరికల వ్యవస్థ పెట్టుకుంది. లెక్క రాసుకున్న ఊరే ముందు జాగ్రత్తపడింది.

ఇక షికాగో. 1995 జులై 13న మిడ్‌వే విమానాశ్రయంలో ఉష్ణోగ్రత 41 డిగ్రీలు. మన రెంటచింతలవాళ్లు, రామగుండంవాళ్లు అదొక ఎండా అని నవ్వవచ్చు. అలవాటు లేని ఒంటికి, రాత్రికీ చల్లబడని ఇటుక గదికి అది చాలు. షికాగో ఉన్న కుక్ కౌంటీ శవాగారం నిండిపోయి శీతల లారీలు తెచ్చి బయట నిలబెట్టారు. వైద్య పరీక్షాధికారి ఎడ్మండ్ డొనహ్యూ రోజూ అంకె పెంచుకుంటూ పోతుంటే మేయరు డేలీ ఆ లెక్కనే శంకించాడు. కడకు అదనపు మరణాలు 739 అని తేలింది. షికాగో చావుల కథ చాలామంది రాశారు, ఎరిక్ క్లైనెన్‌బర్గ్ పుస్తకం అందులో పేరుపొందింది. నాకు దానికంటే విలువైనదిగా తోచేది 1999లో సెమెంజా బృందం అచ్చువేసిన ఒక చిన్న పరిశోధన. ఆ వారంలో షికాగో ఆసుపత్రుల్లో మామూలు కంటే 1,072 మంది ఎక్కువ చేరారు. అదనంగా చేరినవారిలో 59 శాతం మందికి చికిత్స జరిగింది వడదెబ్బకు, ఎండ నీరసానికి, ఒంట్లో నీరు ఇంకిపోవడానికి. ఎమర్జెన్సీ తలుపులు కిక్కిరిసి అంబులెన్సులను వేరే ఆసుపత్రులకు మళ్లిస్తున్న ఆ వారంలో కావలసిన సమాచారమంతా ఆ తలుపుల దగ్గరే కేస్ షీట్లలో ఉంది. అదంతా ఒకచోట కూడి ఒక అంకెగా బయటికి రావడానికి నాలుగేళ్లు పట్టింది.

ఆ నాలుగేళ్లను ఒక్క రాత్రికి కుదించినది ఎండ భయం కాదు, విషక్రిముల భయం. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, ఎవరైనా రోగక్రిములను చల్లితే ఎలా తెలుస్తుందన్న ఆందోళనతో న్యూయార్క్‌లో పదిహేను ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాల్లో వ్యాధి నియంత్రణ కేంద్రం ఉద్యోగులను కూర్చోబెట్టారు. వచ్చిన ప్రతి రోగి లక్షణాలూ కాగితం మీద గీతలుగా పడేవి. కాగితంతో అది ఎంతోకాలం సాగే పని కాదు. ఆ నవంబరు నుంచే ఫర్జాద్ మొస్తషారీ, రిచర్డ్ హెఫర్నన్ తదితరులు ఆసుపత్రి కంప్యూటర్లు ఎటూ నమోదు చేసుకునే ముక్కలనే తీసుకోవడం మొదలుపెట్టారు. వయసు, ఆడా మగా, ఉండే పేట పిన్‌కోడు, వచ్చిన వేళ, వచ్చిన కారణం. మొదటి ఏడాదిలోనే 39 విభాగాల నుంచి 25 లక్షల రాకల వివరాలు చేరాయి. ఇలాంటి ప్రయత్నమే పిట్స్‌బర్గ్‌లో మైకేల్ వాగ్నర్ బృందం 1999లోనే మొదలుపెట్టింది, జాన్స్ హాప్కిన్స్ ప్రయోగశాల సైన్యంతో కలిసి ఎసెన్స్ అనే వ్యవస్థను కట్టింది. ఎదురుచూసిన విషక్రిములు ఆ వలలో పడలేదు. పడినవి ఏటా వచ్చే ఫ్లూ, 2003 ఆగస్టులో కరెంటు పోయిన రాత్రి ఫ్రిజ్‌లలో పాడైన మాంసం తిన్నవాళ్ల విరేచనాలు, వేసవుల్లో ఎండ. శత్రువు కోసం పెట్టిన కాపలా రుతువులను పట్టుకుంది.

ఆ వలలో ముడి ఎంత సున్నితమో కొంచెం దగ్గరగా చూడాలి. రోగి రాగానే నర్సు ఎందుకొచ్చారని అడిగి అయిదారు మాటల్లో టైపు చేస్తుంది. కప్పు వేస్తూ కళ్లు తిరిగి పడ్డాడు, ఎండలో పిక్కలు పట్టేశాయి, ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది. అవతల కంప్యూటరు ఈ రాతలో ఎండ, వేడి, వడ వంటి మాటల కోసం వెతకాలి. అలాగని వేడినీళ్లు పడి కాలినవాళ్లనూ, జ్వరంతో ఒళ్లు వేడెక్కిన బిడ్డనూ, ముట్లుడిగే వయసులో ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయన్న తల్లినీ వడదెబ్బ కింద రాయకూడదు. అక్షర దోషాలుంటాయి, పొట్టి రాతలుంటాయి. డాక్టరు చూశాక పడే రోగ సంకేతం, అంతర్జాతీయ పట్టికలో టీ 67, దీనికి తోడవుతుంది కానీ అది ఒక్కోసారి రోజుల తర్వాత గానీ రాదు. ఏ మాటలు చేర్చాలి, ఏవి తీసేయాలి అని అమెరికా రాష్ట్రాల సాంక్రమిక వ్యాధి నిపుణుల మండలి కూర్చుని 2016లో ఒక ఉమ్మడి సూత్రం ఖరారు చేసింది. చూడడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. ఆ సూత్రం లేకపోతే అరిజోనా అంకెను ఆరెగాన్ అంకెతో పోల్చడానికి లేదు.

ఇదే కాలంలో ఐరోపాకు పెద్ద దెబ్బ తగిలింది. 2003 ఆగస్టు మొదటి పక్షంలో పారిస్ ఆసుపత్రుల నడవాల్లో వృద్ధులు వరుసగా పడుకుని ఉన్నారు. అధికారులు సెలవుల్లో ఉన్నారు. ఆగస్టు 10న అత్యవసర వైద్యుల సంఘం నాయకుడు పత్రిక్ పెలూ బయటికి వచ్చి, నాలుగు రోజుల్లో పారిస్ ప్రాంతంలోనే యాభై మంది దాకా ఎండకు పోయారని చెప్పాడు. మర్నాడు ఆరోగ్య మంత్రి తన విడిది ఇంటి తోటలో పోలో చొక్కాతో టీవీలో కనిపించి పరిస్థితి అదుపులో ఉందన్న ధోరణిలో మాట్లాడాడు. శవాలకు చోటు చాలక రుంజిస్ టోకు మార్కెట్టు శీతల గిడ్డంగిని వాడుకోవలసి వచ్చింది. 18న ఆరోగ్య శాఖ డైరెక్టర్ జనరల్ లూసియెన్ అబెనాయిమ్ రాజీనామా చేశాడు. ఆ నెలలో ఫ్రాన్సు పోగొట్టుకున్నది సుమారు 15,000 మందిని. ఒక డ్యూటీ డాక్టరు కళ్లకు కనిపించినది ప్రభుత్వానికి కనిపించకపోవడానికి కారణం నిర్లక్ష్యం కొంతే. క్యాజువాలిటీకీ మంత్రిత్వ శాఖకూ మధ్య రోజువారీ తీగ లేకపోవడం మిగిలినది. 2004లో 23 ఎమర్జెన్సీ విభాగాలతో ఓస్కూర్ అనే వలయం ఆ తీగను వేసింది, నేడు దేశంలోని విభాగాల్లో దాదాపు అన్నీ అందులో ఉన్నాయి. ఒక్కో రోగి రాకకు ఒక్కో చిన్న సారాంశం, రోజూ పంపాలి. ఫ్రెంచివాళ్లు వడదెబ్బనొక్కదాన్నే చూసి ఊరుకోలేదు. ఒంట్లో నీరు తగ్గడాన్నీ, రక్తంలో సోడియం పడిపోవడాన్నీ కలిపి చూస్తారు. మూడోది ఎందుకంటే, నీళ్లు తాగండి తాగండి అన్న ప్రచారం విని, ఉప్పు లేకుండా నీళ్లే తాగిన పెద్దవాళ్లు కూడా ఎమర్జెన్సీకి వస్తారు. మన మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసేవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

తర్వాతి దేశాల సంగతి క్లుప్తంగా చాలు. ఇంగ్లండ్ 2012 ఒలింపిక్స్‌ను దృష్టిలో పెట్టుకుని ఎమర్జెన్సీ విభాగాల నిఘాను 2010లో మొదలుపెట్టింది. జపాన్‌లో ఆ పని అగ్నిమాపక శాఖది. అంబులెన్సులు వాళ్ల చేతిలో ఉంటాయి కనుక ఎండ రోగుల లెక్కను వాళ్లే వారం వారం ప్రకటిస్తారు. 2018లో మే నుంచి సెప్టెంబరు దాకా 95,137 మంది. కొరియా 2011 నుంచి ఎమర్జెన్సీల ద్వారానే లెక్క కడుతోంది, అదే 2018లో అక్కడ 4,526 మంది రోగులు, 48 మరణాలు.

అమెరికాలో ఎండ వలకు అసలు పరీక్ష 2021 జూన్‌లో ఎదురైంది. ఏసీ లేని ఇళ్లే ఎక్కువగా ఉండే వాయవ్య తీరం మీద వేడి మూతపెట్టినట్టు కూర్చుంది. పోర్ట్‌లండ్‌లో 46.7 డిగ్రీలు. సియాటిల్ ప్రాంతపు ఆసుపత్రుల్లో శవాలకు వాడే సంచిలో మంచూ నీళ్లూ నింపి, బతికున్న రోగిని అందులో పడుకోబెట్టి జిప్పు ఛాతీ దాకా లాగి ఒళ్లు చల్లార్చారు. ఆ జూన్ 28 ఒక్క రోజున ఆ వాయవ్య ప్రాంతమంతటా ఎండ జబ్బుతో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు 1,038 మంది. 2019లో అదే తేదీన వచ్చినవాళ్లు తొమ్మిది మంది. ఈ పోలిక మూడు వారాల లోపలే అచ్చయి బయటికి వచ్చింది. షికాగో నాలుగేళ్లను గుర్తుంచుకున్నవారికే దీని విలువ తెలుస్తుంది. 2023లో దేశమంతటా ఇలా వచ్చినవాళ్లు 1,19,605 మంది అని అంచనా కట్టారు. ఈ అంకెలు చావుల లెక్క చూపని మనుషులను చూపించాయి. మరణాల పట్టికలో ఒంటరి వృద్ధులు ముందుంటే, క్యాజువాలిటీ పట్టికలో 18 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు ముందున్నారు. కప్పులు వేసేవాళ్లు, తోటల్లో కోతలు కోసేవాళ్లు, గోదాముల్లో బరువులెత్తేవాళ్లు. గోబిల్ రాసిన పెకింగ్ కూలీలు ఇన్నాళ్లకు మళ్లీ లెక్కలోకి వచ్చారు. అయితే ఇలాంటి వ్యవస్థ కట్టడానికి ఇరవై ఏళ్లు, కుదేలవడానికి ఒక ఉత్తరువు చాలు. 2025 ఏప్రిల్‌లో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రంలో వాతావరణం, ఆరోగ్యం చూసే బృందాన్ని ఉద్యోగాల నుంచి తొలగించారు.

మన దగ్గరికి వద్దాం. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు పోయినవాళ్లు మూడు వేలు దాటారని ప్రభుత్వమే చెప్పింది. పారిస్‌కు వచ్చినంత పేరు మన చావులకు రాలేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలవడం ఈ కథలో నిజమైన మలుపు అని నా అభిప్రాయం. పొలంలో పడిపోయిన మనిషికీ ఆసుపత్రికీ నడుమ తొలిసారి వేళ, చోటు, లక్షణం రాసుకునే ఒక చెయ్యి వచ్చింది. ఎండ ప్రణాళికకు మాత్రం దేశానికి దారి చూపినది అహ్మదాబాద్. 2010 మే నెలలో 46.8 డిగ్రీల ఎండ కాసిన ఆ నగరంలో 1,344 అదనపు మరణాలు లెక్కకు వచ్చాక, దిలీప్ మావళంకర్ నడిపిన గాంధీనగర్ ప్రజారోగ్య సంస్థ తోడుగా 2013లో దక్షిణాసియాలో మొదటి ఎండ కార్యాచరణ అక్కడ మొదలైంది. అక్కడి ఒక ఆసుపత్రిలో పై అంతస్తులో ఉన్న ప్రసూతి వార్డును కిందికి మార్చితే, ఎండ దెబ్బతో ఇంటెన్సివ్ కేర్‌కు చేరే పసికందులు తగ్గారని రిజిస్టరే చూపించింది. 2015లో మళ్లీ మనమే. ఆంధ్రప్రదేశ్‌లో 1,369, తెలంగాణలో 541 మరణాలు. ఆ ఏడాది నుంచే కేంద్రం ఎండ తీవ్రంగా ఉండే రాష్ట్రాల్లో వ్యాధి నిఘా విభాగం ద్వారా కేసులు తెప్పించుకోవడం మొదలుపెట్టింది. 2023 మార్చి 1 నుంచి ఆ లెక్క దేశవ్యాప్తంగా ఆన్‌లైన్ పోర్టల్‌లో ఏ రోజుకారోజు ఎక్కుతోంది. 2024లో మార్చి 1 నుంచి జూన్ 20 వరకు వడదెబ్బ అనుమానిత కేసులు 41,789, నిర్ధారించిన మరణాలు 143. ఢిల్లీ రాంమనోహర్ లోహియా ఆసుపత్రి మంచునీళ్ల తొట్టెలతో వడదెబ్బకు ప్రత్యేక విభాగం తెరిచింది కూడా ఆ వేసవిలోనే.

నలభై ఒక్క వేలకు నూట నలభై మూడు అన్న నిష్పత్తి చూసి మన వైద్యం బాగుందని పొంగిపోవడం తొందరపాటు. నిర్ధారణకు కావలసినవి రెండు. ఒంటి లోపలి వేడి నలభై డిగ్రీలు దాటడం, స్పృహ తప్పడమో మాట తడబడడమో. లోపలి వేడి చంకలో పెట్టిన థర్మామీటరుకు సరిగా అందదు, మలద్వారంలో కొలవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మధ్యాహ్నం రద్దీలో ఆ పని ఎంతమందికి జరుగుతుందో అక్కడ డ్యూటీ చేసినవాళ్లను అడిగితే చెబుతారు. ఇంకో చిక్కు కూడా ఉంది. దారిలోనే తడిగుడ్డలు, మంచు పెట్టి ఒళ్లు చల్లార్చుకుంటూ వచ్చిన 108 సిబ్బంది ప్రాణం నిలబెట్టి ఉండవచ్చు, అదే పనితో క్యాజువాలిటీలో కొలిచే వేడి ముప్పైఎనిమిదికి పడిపోతుంది, రిజిస్టరులో ఆ మనిషి నీరసం కేసుగా మిగులుతాడు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, పోయినవాళ్ల కుటుంబానికి నాలుగు లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. అప్పటిదాకా అది యాభై వేలు. నిఘా కోసం పుట్టిన రాత ఇప్పుడు పరిహారపు కాగితం కూడా అయింది. తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి కూర్చుని ఎండ చావా కాదా అని తేల్చేటప్పుడు ముందుగా చేతిలోకి తీసుకునేది అంబులెన్సు చీటీనీ కేస్ షీటునూ. చల్లార్చడం క్షణం ఆలస్యం చేయకుండా, మంచు పెట్టకముందు ఒంటి వేడి ఎంత, అప్పుడు వేళ ఎంత అన్న రెండు అంకెలు ఆ చీటీ మీద పడితే, ఢిల్లీ పోర్టల్‌లో కేసూ ఊళ్లో కుటుంబానికి హక్కూ రెండూ అక్కడే నిలబడతాయి.